మొక్కి ఎక్కిన గోడ

ఆ టీవీ పోటీలో ఆఖరి అడ్డంకి వంపు గోడ. పైకి పోయేకొద్దీ మన మీదికే ఒంగుతుంది. పోటీ మొదలైన నాటి నుంచి ఎంతెంత మొనగాళ్లు ఉరికొచ్చినా సగంలో జారి కింది నీళ్లలో పడ్డారే తప్ప, దాని అంచు అందుకున్నవాడు లేడు.

ఇవాళ దాని ముందు నిలబడింది దేవరుప్పుల గీత కార్మికుడు దుర్గయ్య బిడ్డ శ్రావ్య. వాడకట్టంతా దుర్గయ్య ఇంట్లో టీవీ ముందే ఉంది. ఒకపక్క గడువు కరిగిపోతుంటే ఆ పిల్ల ఆగి, గోడను తాకి, చెయ్యి కళ్లకద్దుకుంది. రోజూ తాటిచెట్టుకు మోకు వేసే ముందు దుర్గయ్య చేసేదీ అదే. యాంకరమ్మ పకపకా నవ్వింది.

శ్రావ్య వెనక్కి నడిచి ఒక్క ఉరుకు ఉరికింది. అంచు చేతికందింది. పైకెక్కి నిలబడింది. కానీ గడువు గంట అప్పుడే మోగిపోయింది. బహుమతి చేజారింది.

"గా మొక్కుడొక్కటి లేకుంటే గెలుస్తుండె గదా అన్నా!" అన్నాడు పక్కింటి రాజ్‌కుమార్.

దుర్గయ్య గుడ్లురిమాడు.

"గిన్నొద్దుల సంది మొక్కకుండ ఎక్కినోళ్లను జూసినవ్ గదరా. ఒక్కడన్న పైకి పోయిండా?"