తాళం ఒక మెట్టు తిప్పితే

పృథ్వీరాజ్ కారు వరసగా పదకొండో రోజు కూడా స్టార్ట్ కాలేదు. ఢిల్లీ పక్కన వైశాలిలో, తాముండే అపార్ట్‌మెంటు కింద అతను తాళం తిప్పడం, కారు టిక్కుటిక్కుమనడం, వాచ్‌మనూ పాలవాడూ కలిసి తొయ్యడం ఇరుగుపొరుగుకి అలవాటైపోయింది. సాకేత్‌లో ఆఫీసువాళ్ళకి మాత్రం అలవాటు కాలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే టీమ్ లీడ్ పదవి ఊడుతుందని చెప్పేశారు.

మెకానిక్ లింగయ్యని పిలిపించాడు. వరంగల్ వదిలి ఇరవై ఏళ్ళయినా ఢిల్లీ అతని యాసని ఏమీ చెయ్యలేకపోయింది. బ్యాటరీకి మీటరు తగిలించి, ఒక్కో ఫ్యూజే పీకి చూశాడు. నాలుగోది పీకగానే మీటరు సున్నాకి పడింది. అప్పుడే రెండో అంతస్తులో పృథ్వీరాజ్ నాన్న సదాశివరావు మాట సగంలో ఆగిపోయింది.

పృథ్వీరాజ్ భార్య కావేరి బాల్కనీలోంచి తొంగిచూసింది.

"ఏమండీ, ఆ ఫ్యూజు పెట్టెయ్యమనండి. మామయ్యగారు పులుసులో బెల్లం ఎంతెయ్యాలో చెబుతూ ఆగిపోయారు."

లింగయ్య పెట్టాడు. "నిమ్మకాయంత," అని పైనుంచి వినబడింది.

"దొరికింది సార్. గీ ఫ్యూజు మీద ఏమేం నడుస్తున్నయ్?"

"డాష్‌కెమెరా. మా నాన్న."

లింగయ్య తలూపాడు. పార్కింగ్ గొడవల్లో సాక్ష్యం ఉండాలని, తాళం తీసేసినా కరెంటొచ్చే ఫ్యూజుకే కెమెరా తగిలించమని పట్టుబట్టింది పృథ్వీరాజే. తెనాలి నుంచి వచ్చిన మూడేళ్ళలో కొడుకింట్లో నోరు విప్పని సదాశివరావు, కెమెరా పెట్టిన రోజే కాఫీలో డికాషన్ చాల్లేదన్నాడు. ఇక ఆగలేదు.

"బ్యాటరీని మొత్తం తాగేస్తున్నది సార్. యాక్సెసరీ ఫ్యూజుకు మారుస్త. తాళం ఒక మెట్టు తిప్పితెనే నడుస్తది. కెమెరా గంతే, పెద్దసారూ గంతే."

"మార్చెయ్," అన్నాడు పృథ్వీరాజ్ గడియారం చూసుకుంటూ.

మర్నాటి నుంచి కారు బుద్ధిగా స్టార్టయింది. కొడుకు కారు నడిపినంతసేపూ ఇంట్లో తండ్రి మాట్లాడేవాడు.

"ఇవాళ ట్రాఫిక్‌లో బాగా ఇరుక్కున్నట్టున్నారు," అనేది కావేరి. "మామయ్యగారు మీ బారసాల దగ్గర్నుంచి పదో తరగతి దాకా వచ్చారు."

పృథ్వీరాజ్ లోపలికొచ్చేసరికి సదాశివరావు గోడ చూస్తూ కూర్చునుండేవాడు. రెండు వారాలకి గానీ పృథ్వీరాజ్‌కి వెలగలేదు, ఇప్పుడు ఇంట్లో ఆయన మాట విననిది తనొక్కడేనని. ఏడుపొచ్చినంత పనయింది.

ఆదివారం తండ్రిని చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తాళం ఒక మెట్టు తిప్పాడు. ఇంజను ఆపి అలా అరగంటకి మించి ఉంచొద్దని లింగయ్య ముందే చెప్పాడు. డాష్‌బోర్డు వెలిగింది.

"నాన్నా, మూడేళ్ళు నాతో ఒక్క మాటా మాట్లాడలేదేం?"

సదాశివరావు గొంతు సవరించుకున్నాడు.

"మాట్లాడదామనేరా. నువ్వెప్పుడు చూసినా బూట్లు తొడుక్కుంటూ ఉండేవాడివి. తీరిగ్గా కూర్చున్నప్పుడు మొదలుపెడదాం అనుకున్నాను."

పృథ్వీరాజ్ వంగి బూట్లు విప్పి వెనకసీట్లో పడేశాడు.

సదాశివరావు మొదలుపెట్టాడు. ఎప్పుడో తెనాలిలో రైలు తప్పిపోయి, పెళ్ళిచూపులకి సైకిలు మీద వెళ్ళిన సంగతి అది. కథలో ఆయన ఊరి పొలిమేర దాటకముందే అరగంటయింది. పృథ్వీరాజ్ తాళం జోలికి పోలేదు. కాసేపటికి డాష్‌బోర్డు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీలో చుక్క మిగల్లేదు.

సదాశివరావు అది గమనించలేదు. సైకిలు చెయిను ఎక్కడ ఊడిందో చెబుతూనే ఉన్నాడు.