వకీలు పోస్టు కింద పటేలు కామెంటు

వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని రూలు ఉంది. చెప్పుల దుకాణం వాడు బోర్డు పెట్టుకోవచ్చు, పళ్ల డాక్టరు పెద్ద దవడ బొమ్మ వేలాడదీసుకోవచ్చు, వకీలు మాత్రం నా దగ్గరికి రండి అనకూడదు. మంచి రూలే. కాకపోతే రూలుకు సందు వెతకడమే వృత్తి అయిన వాళ్లకు ఆ రూలు పెట్టారు. ఇంకేమవుతుంది? వాళ్లు రమ్మనరు. "చట్టం మీద అవగాహన కల్పిస్తున్నాం" అంటారు. పక్కన నల్లకోటు ఫోటో ఉంటుంది. చేతులు కట్టుకొని, దేశాన్ని ఈ సాయంత్రం లోపు కాపాడేస్తాను అన్నట్టు ఒక చూపు ఉంటుంది. కింద ఫోన్ నంబరు ఉంటుంది. అది సందేహాల కోసమట.

ఎల్లారెడ్డి కోర్టులో శ్రావణ్ అనే వకీలు ఈ అవగాహనలో పీకలదాకా దిగాడు. జిరాక్స్ సెంటరు మీద చిన్న ఆఫీసు, ఒక క్లర్కు, తిరగని ఫ్యాను. కేసులన్నీ నెత్తి నెరిసిన సీనియర్ల దగ్గరికే పోతున్నాయని ఏడ్చి ఏడ్చి, చివరికి కామారెడ్డి వెళ్లి సింధూజ అనే ఆమెను కలిశాడు. సింధూజ ఒకప్పుడు పెళ్లి ఆల్బంలు చేసేది. ఇప్పుడు డాక్టర్లకూ వకీళ్లకూ ఆన్‌లైన్‌లో పేరు పెంచుతుంది. బ్లాగు రాయమంది. దాన్నే ముక్కలు చేసి ఫేస్‌బుక్‌లో వేయమంది. చదవని వాళ్ల కోసం వీడియో చేయమంది. అన్నిటికన్నా కామెంట్లు ముఖ్యమని, కామెంట్లు లేని పోస్టు బ్యాండు లేని బరాత్ అని చెప్పింది.

కామెంట్ల కోసం ఆమె దగ్గర రెండు మందులున్నాయి. మొదటిది, జిల్లాలోని వకీళ్లతో ఒక వాట్సాప్ గ్రూపు. ఎవరు ఏం పోస్టు చేసినా మిగతా వాళ్లంతా వెంటనే వెళ్లి పొగడాలి. చదవాలని ఎవరూ అనలేదు. ఒక పెద్దాయన తన మేనమామ కాలం చేశాడని పెడితే, కింద వరసగా "అద్భుతమైన విశ్లేషణ సార్" అని పడ్డాయి. ఆయన కూడా ఒక్కొక్కరికి ధన్యవాదాలు చెప్పుకుంటూ వచ్చాడు.

రెండో మందు క్లయింట్లు. వచ్చిన ప్రతి క్లయింటూ పోస్టు కింద తన సొంత అనుభవం రాయాలి. ఉత్త బొటనవేలు బొమ్మ పనికిరాదు. శ్రావణ్ దీన్ని బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు. ఆఫీసులోకి అడుగుపెట్టిన మనిషి ముందు ఫోను తీయాలి, అనుభవం రాయాలి, ఆ తర్వాతే కేసు సంగతి. కాగితాలు తెచ్చారా అని అడగడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, కామెంటు పెట్టారా అని అడగడం మరవలేదు.

ఈ వీడియోలు చూసే మహమ్మద్‌నగర్ రాములు పటేల్ అతని దగ్గరికి వచ్చాడు. కాలువ కింద మంచి పొలం ఉన్న మనిషి. ఆయన పొలం దాటాక కాలువ వైపు సలోమి అనే ఆమెకు రెండెకరాలుంది. ఆ రెండెకరాలకు పోవాలంటే పటేల్ పొలం అంచున ఉన్న బండ్ల బాట ఒక్కటే దారి. సలోమి అత్త కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, వాళ్లు ఆ బాటనే నడిచారు. ఈ ఏడు పటేల్ ఆ రెండెకరాలు తనకు కౌలుకివ్వమన్నాడు. సలోమి ఇవ్వనంది. తెల్లారేసరికి బాటకు అడ్డంగా రాతి కడీలు పాతించి తీగ చుట్టించాడు. పెద్దమనుషుల పెద్దరికం ఇలాగే ఉంటుంది, ఇందులో నేను కొత్తగా తిట్టేదేం లేదు.

తీగ అవతల సలోమి యాసంగి వరి కంకి బరువుకు వంగి ఉంది. కోత మిషన్ లోపలికి పోవాలి. గెట్ల మీద నుంచి మనిషి పోతాడు గాని మిషన్ పోదు. మధ్యాహ్నం కాగానే నిజాంసాగర్ వైపు మబ్బు లేస్తోంది. ఒక్క రాళ్లవాన పడితే ఆ ఇంటికి ఈ పంట లేదు.

శ్రావణ్ వీడియోలు సలోమి కూడా చూసేది. అందుకని ఆమె కూడా మొదట అతని ఆఫీసుకే పోయింది. పటేల్ మీకంటే ముందే వచ్చిపోయాడని క్లర్కు చెప్పాడు. మెట్లు దిగి, కామారెడ్డి బస్సెక్కి, అనిల అనే వకీలును పెట్టుకుంది. అనిల ఎల్లారెడ్డి కోర్టులో దావా వేసి, పంట కోసుకునేదాకానైనా బాట తెరిపించమని అడిగింది. శ్రావణ్ పటేల్ తరఫున జవాబు వేశాడు. అక్కడ బాట అనేదే ఏనాడూ లేదన్నాడు. పొలం చూశాడా అంటే చూడలేదు. ఫోటో పంపమంటే పటేల్ తన పొలంలో తను నిలబడిన ఫోటో పంపాడు. పొలం కనపడలేదు గాని పటేల్ బాగా పడ్డాడు.

విచారణకు వాయిదా పడింది. ఆగలేక సలోమి ఒక పని చేసింది. శ్రావణ్ పేజీకి తన గోడు మొత్తం వాయిస్ మెసేజ్‌గా పంపింది. ఎందుకట్ల చేశావని తర్వాత అనిల అడిగితే, అడిగినోళ్లకందరికీ ఉత్తగనే చెప్తనని ఆయనే అన్నడు గద మేడమ్, నేను అడిగిన, అంది.

పేజీకి వచ్చే ప్రశ్నలు శ్రావణ్ వినడు. సింధూజ ఆఫీసులో వింటారు, పేర్లూ ఊర్లూ తీసేస్తారు, "ఒక రైతు సోదరి ప్రశ్న" అని తీర్చిదిద్ది పంపుతారు. ఆ కాగితం చూడగానే శ్రావణ్‌కు ఆవేశం వచ్చింది. ఏ రైతు సోదరో, ఏ దుర్మార్గుడు బాట మూశాడో అని పళ్లు కొరికాడు. ఆ దుర్మార్గుడి వకాలత్ తన బీరువాలోనే ఉందని అతనికి తట్టలేదు. తన కేసుల కాగితాలు తను చదివితే కదా తట్టడానికి.

కూర్చొని తన జన్మలో ఎన్నడూ రాయనంత బాగా రాశాడు. తరాలుగా అందరూ చూస్తుండగా అడ్డు లేకుండా నడిచిన బాట మీద హక్కు ఎలా వస్తుందో రాశాడు. పంట కోతకొచ్చి ఆగితే కోర్టును తొందరగా ఏమడగాలో రాశాడు. ఎవరెవరిని సాక్ష్యం పిలవాలో రాశాడు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఎదుటి వాడి నోటి మాటే, వాళ్లు నడిచేవాళ్లని అతనే ఎక్కడైనా ఒప్పుకుంటే ఇక అతని వకీలు కూడా కాపాడలేడు అని రాశాడు. చివర్లో "బాట మూయడమంటే రైతు నోట్లో మట్టి కొట్టడమే" అని ముగించాడు. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది, అబద్ధమెందుకు.

ఆ పోస్టు జిల్లా అంతా తిరిగింది. శ్రావణ్ అలవాటు ప్రకారం క్లయింట్లందరికీ పంపి, సొంత అనుభవం రాయమన్నాడు. రాములు పటేల్ ఊళ్లో హోటల్ ముందు చాయ్ తాగుతూ చూశాడు. అంత పొడుగు ఎవరు చదువుతారు? పైన తన వకీలు ఫోటో ఉంది, బాట అనే మాట ఉంది, చాలు. ఫోను మూతి దగ్గర పెట్టుకొని చెప్పాడు, అది రాసుకుంది:

"మా వకీల్ సాబ్ మంచిగ రాసిండు. నా అనుభవం ఏందంటె మా పొలంల నుంచి సలోమోళ్లు మా తాత జమాన నుంచి బండ్లు కొట్టుకపోతరు. మేం ఎన్నడు అడ్డం చెప్పలె. ఇప్పుడు కౌలుకియ్యమంటె ఇయ్యలె, అందుకే కడీలు పాతిన. మా సాబ్ ఉన్నంక నాకు ఫికర్ లేదు. రాములు పటేల్, మహమ్మద్‌నగర్."

వకీళ్ల గ్రూపు దిగింది. పోస్టును పొగిడిన చేత్తోనే ఆ కామెంటును కూడా పొగిడింది. రైతుల గుండె చప్పుడన్నాడొకడు. శ్రావణ్ దానికి దండం బొమ్మ పెట్టి, అందరికీ కనపడాలని అన్నిటికంటే పైన అతికించాడు.

గ్రూపులో అనిల కూడా ఉంది. ఆమె కూడా పొగడాలి. ఎల్లారెడ్డి బస్సులో కూర్చొని, పొగడటానికి ఫోను తీసి, ఒక పొరపాటు చేసింది. చదివింది. ఆమె నవ్వు చూసి పక్క సీటు ముసలమ్మ బ్యాగు తీసుకొని వేరే సీటుకు మారింది. అనిల ఆ కామెంటు ఫోటోలు తీసి దాచుకొని, పోస్టు కింద "నాకు చాలా ఉపయోగపడింది సార్" అని రాసింది. శ్రావణ్ దానికి గుండె బొమ్మ ఇచ్చాడు.

ఆమె ఫోను చేసి సలోమికి చదివి వినిపించింది. అంతా విని సలోమి అంది, "పటేలు నోట్ల నిజం రావాలంటె మూతికాడ ఫోన్ పెట్టాల్నా మేడమ్? తెలిస్తె ఎప్పుడో పెడ్తుంటిమి."

విచారణ రోజు కోర్టు నిండింది. అనిల ఆ కామెంటు ప్రతిని, కావలసిన ధ్రువపత్రంతో సహా, జడ్జి మేడమ్‌కు అందించింది. ఒకటి శ్రావణ్‌కు ఇచ్చింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు. అయినా లేచి నిలబడ్డాడు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎవరి పేరుతోనైనా రాయవచ్చని, ఇది నకిలీ ఖాతా అయి ఉంటుందని అన్నాడు. తెలివైన మాటే. నిలబడేది కూడా. కాని వెనక బెంచీలో రాములు పటేల్ ఉన్నాడు. ఆయనకు కోపం వచ్చింది.

"నకిలీ ఏంది సాబ్? నేనే చెప్పిన. నువ్వే గద సొంత అనుభవం చెప్పుమంటివి. పైన నా ఫోటో గూడ ఉన్నది, సూడు."

జడ్జిగారు ఆయన్ను ముందుకు పిలిచి, ఇది మీరే రాశారా అని అడిగారు. పటేల్ ఛాతీ విరిచి ఔనన్నాడు. తాతల కాలం నుంచి నడిచిన మాట నిజమేనా అంటే, అబద్ధం రాస్తే అంతమంది మెచ్చుకుంటారా మేడమ్ అని ఎదురడిగాడు.

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కళ్లద్దాలు తీసి తుడిచారు. తర్వాత శ్రావణ్ వైపు తిరిగి ఒకటే అడిగారు. "ఈ వ్యాసంలో మీరు చెప్పిన చట్టం తప్పా?"

శ్రావణ్ వెనక్కి చూశాడు. గ్రూపు వకీళ్లంతా అక్కడే ఉన్నారు. తప్పు అంటే కేసులో కొంచెం ప్రాణం మిగులుతుంది, బ్లాగు చస్తుంది. ఒప్పు అంటే కేసు చస్తుంది. కక్షిదారు ఒకవైపు, పేరు ఒకవైపు. కష్టపడి సంపాదించిన పేరు.

"సరిగ్గానే ఉంది మేడమ్," అన్నాడు.

అసలు దావా తేలేవరకు బాట తెరిచి ఉంచాలని, తీగ వెంటనే తీయాలని ఉత్తర్వు అయింది. బయటికి వచ్చాక శ్రావణ్ పటేల్‌ను తిట్టబోయాడు గాని మాట దొరకలేదు. పటేల్‌కు దొరికింది. కేసు పోతే పోయింది గాని సాబ్, నా కామెంటు మాత్రం తీసెయ్యకు, మా బిడ్డ అత్తగారోళ్లకు చూపించాలె, అన్నాడు. శ్రావణ్ పోస్టే తీసేద్దామని సింధూజకు ఫోను చేశాడు. ఆమె వద్దే వద్దంది. కోర్టు సంగతి పాకి జనం ఇంకా ఎగబడి చూస్తున్నారట, ఇలాంటి అవకాశం మళ్లీ రాదట.

మర్నాడు పొద్దున్నే పటేల్ జీతగాడు కడీలు పీకాడు. కోత మిషన్ రోడ్డు మీద నుంచి బాటలోకి తిరిగింది. బాట నట్టనడుమ శ్రావణ్ నల్లకోటు వేసుకొని, కర్రకు ఫోను గుచ్చుకొని నిలబడి ఉన్నాడు. రైతుకు బాట దొరికిన శుభవేళ అంటూ మొదలుపెట్టి, ఎవరు మూశారో, ఎవరు వాదించారో అన్నది మాత్రం మింగేస్తున్నాడు. సిగ్గు అనేది ఒక అవయవమైతే ఈ మనిషి దాన్ని ఆపరేషన్ చేయించుకున్నాడు.

మబ్బు అప్పటికే నల్లబడుతోంది. సలోమి మిషన్ ముందు నడుచుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది.

"సారూ, అవగాహన తర్వాత జెప్దువు. జర గెట్టు మీదికి జరుగు, వాన అస్తది."

అతను జరిగాడు. ఫోను ఆపకుండానే జరిగాడు. మిషన్ లేపిన దుమ్ములో మనిషీ, కోటూ, అవగాహనా ఏమీ కనపడకుండా పోయాయి. సలోమి వెనక్కి చూడలేదు. వరిలోకి దిగి, డ్రైవరుకు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెయ్యెత్తి చూపిస్తోంది.