బల్ల మీద కారని సంచి

ఆపరేషన్ అయినప్పటి నుంచి అక్క కడుపు పక్కన ఒక సంచి అంటించుకుని బతుకుతోంది. మలం అందులోకే వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల రోగులందరికీ ఆ సంచులు కొనే ఆఫీసరు సాక్షాత్తూ ఆమె తమ్ముడే. నిరుడు చవక రకానికి సంతకం పెట్టిన మహానుభావుడూ ఆయనే.

పరీక్ష ఎలా చేశారనుకున్నారు? సంచిలో నీళ్లు పోసి, బల్లకు అంటించి వేలాడదీశారు. చుక్క కారలేదు. భేషన్నారు కమిటీవాళ్లు. బల్లకు చెమట పడుతుందా, బల్ల వంగి లేస్తుందా? అడిగే నాథుడు లేకపోయాడు!

అక్క కుట్టుపని నేర్పే టీచరు. క్లాసులో వంగి ఓ పిల్లకు సూదిలో దారం ఎక్కిస్తుంటే జిగురు ఊడింది. ఆ వేళ నుంచి గడప దాటలేదు. ఈ నెలలో రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు పెట్టారు. మంచి రకం సంచి బయట షాపుల్లో దొరకదు, సర్కారు తెప్పిస్తేనే.

"అది మారిస్తే మర్నాడే వెళ్తానురా. నా ఊసు మాత్రం ఎత్తకు. నలుగురిలో నా పరువు తీయకు," అని ఒట్టు వేయించుకుంది.

ఈ ఏటి కొనుగోలుకు కమిటీ మళ్లీ కూర్చుంది. మళ్లీ అవే నీళ్లు, అదే బల్ల.

"ఇది ఒంటి మీద నిలవదండీ," అన్నాడు తమ్ముడు.

"మీకెలా తెలుసు? ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?" అన్నారు చైర్మన్‌గారు.

సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు ఫిర్యాదులు రాస్తారా, ఆయన తలకాయ! తమ్ముడికి ఒట్టు గుర్తుంది. అయినా ఆగలేకపోయాడు.

"మా అక్క వాడుతోందండీ. క్లాసులో ఊడిపోయింది."

కమిటీలోనే ఉన్న అక్క స్నేహితురాలు, హెడ్ నర్సు, తల దించుకుంది. చైర్మన్‌గారు కళ్లజోడు తీశారు.

"అయ్యో, ముందే చెప్పొద్దుటండీ! సొంతవాళ్లు వాడే వస్తువు గురించి మీరు మాట్లాడకూడదు. నిబంధన. కాస్త బయట కూర్చోండి."

చూశారా చోద్యం! తెలిసినవాడు వరండాలో, తెలియనివాళ్లు లోపల. అద్దం తలుపులోంచి చేతులు లేవడం కనిపించింది. హెడ్ నర్సు చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. పాత సంచే ఖాయమైంది.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. అయినా క్లాసుకు కట్టుకునే గంజి చీర కట్టుకుంది.

"హెడ్ నర్సు ఫోన్ చేసిందిరా. 'ఇన్నాళ్లూ ఎంత బాధపడ్డావే' అని ఏడ్చి ఫోన్ పెట్టేసింది. చెప్పేశావన్నమాట."

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. "ఇంకేం చెయ్యను అక్కా..."

"పోనీలే. పోయిన పరువు ఎలాగూ పోయింది. మారుస్తున్నారు కదూ?"

తమ్ముడు చెప్పులు విప్పుకుంటూ తలెత్తలేదు.

అక్క లోపలికి వెళ్లి చీర మార్చుకుంది.