లడ్డూ దాచిన వేలు

ఆ ఫోన్లు బోర్లా పెట్టి ఇలా నా చాప మీదికి జరగండర్రా. దువ్వాడ అవతల ఇనుప దూలాలు చేసే షెడ్డులో ఓ లడ్డూ ఒక మనిషి వేలిని ఎలా దాచిందో చెబుతాను.

ఆ షెడ్డు గేటు దగ్గర ఒక నల్లబల్ల ఉండేది. పైన ‘దెబ్బ తగలని రోజులు’ అని, కింద సుద్దముక్కతో అంకె. ఊడ్చే కాశమ్మ రోజూ దానికి దేవుడి పటానికి పెట్టినట్టు పసుపూ కుంకుమా పెట్టేది. వంద నిండినప్పుడల్లా మనిషికి అరకిలో లడ్డూలు. ఎవరికైనా దెబ్బ తగిలిందా, అంకె మళ్ళీ సున్నా.

అక్కడ మనుషుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం ఇంద్రజది. చేరి ఐదు నెలలు. ఆరో నెలలో మేనేజరు శ్రీరామ్మూర్తి సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం.

నాలుగో వందకి రెండే రోజులుందనగా, క్యాంటీన్లో అబ్బులు ఎడం చేత్తో ఉప్మా తింటున్నాడు. కుడి చెయ్యి జేబులో ఉంది. పెళ్ళికొడుకులా ఈ దర్జా ఏమిటా అని ఇంద్రజ దగ్గరికి వెళ్ళి చెయ్యి తీయించింది. చూపుడు వేలు నీలం వంకాయలా వాచిపోయి ఉంది. నిన్న బరువు లేపే గొలుసు కొక్కెం జారి నలిగిందట. పసుపద్ది ఊరుకున్నాడట.

“సెప్పకండి మేడమ్ గారూ,” అన్నాడు. “సున్నా పడితే అందరి లడ్డూలూ పోతాయి. మావోళ్ళు నన్ను బతకనిత్తారేటి?”

శ్రీరామ్మూర్తికి చెబితే, ఎల్లుండి దూలాలు కొనేవాళ్ళు చూడ్డానికొస్తున్నారని తల పట్టుకున్నాడు. “ఇంటికాడ కుక్క కరిసిందని రాసెయ్యమ్మా. కుక్కకీ గొలుసుంటది కదా,” అన్నాడు. ఆమె ఫైలు తన బల్ల మీదే ఉందని కూడా మెల్లగా గుర్తుచేశాడు.

అయినా ఇంద్రజ అడిగింది. “కుక్కని రాస్తే కొక్కెం ఎవరు మారుస్తారండీ?”

అబ్బుల్ని ఆసుపత్రికి పంపి, జరిగింది జరిగినట్టు రాసి, గేటు దగ్గరికి నడిచి తన చేత్తోనే మూడొందల తొంభై ఎనిమిదీ తుడిచేసి సున్నా వేసింది.

“సున్నా బాగా గుండ్రంగా వచ్చింది తల్లీ,” అంది కాశమ్మ. లడ్డూలు పోయిన కోపానికి ఆ సాయంత్రం ఇంద్రజ టీలో పంచదార పడలేదు.

మర్నాడు ఉదయం వెల్డరు కనకరత్నం వచ్చి ఊడిన గోరు చూపించాడు. పోయేందుకు ఇక లడ్డూ లేదు కదా! వెనకాల ఇంకో ఇద్దరు. అబ్బులుతో కలిపి నలుగురు. నలుగురినీ పట్టింది ఆ కొక్కెమే.

నలుగురి సంగతీ ఇంద్రజ రాసిచ్చిన కాగితం శ్రీరామ్మూర్తి రెండుసార్లు చదివాడు. కొనేవాళ్ళు వచ్చేసరికి ఆయనే దగ్గరుండి కొక్కెం విప్పిస్తున్నాడు. సున్నా ఏమిటని వాళ్ళు అడిగితే, చెమట తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాడు. వచ్చిన పెద్దాయన నవ్వి, తన షెడ్డులో బల్ల మీద వెయ్యి దాటిందనీ, వెళ్ళగానే అందరి జేబులూ చూడాలనీ అన్నాడు. ఆర్డరు మాత్రం ఈ షెడ్డుకే ఇచ్చాడు. ఇంద్రజ ఫైలు మీద సంతకమూ పడింది, కాస్త సణుగుడుతో.

ఇప్పుడక్కడ లడ్డూ రోజులకి కాదు, ఏది వదులైందో ముందుగా చెప్పినవాడికి. అబ్బులు రోజుకో మేకు కదిలిందంటాడు, పొట్ట పెరిగింది. తినేది మాత్రం కుడిచేత్తోనే.

ఇది మర్చిపోకండి. రేపు మీరు పెద్ద కుర్చీల్లో కూర్చున్నాక, ఎవరైనా జేబులో చెయ్యి పెట్టుకుని ఎడం చేత్తో తింటుంటే, పక్కన కూర్చుని ఈ ముచ్చట చెప్పండి. ఆ చెయ్యి అదే బయటికొస్తుంది.