ఐదో మెంటర్

ఐదో మెంటర్ వస్తున్నాడని ఫోనొచ్చినప్పుడు కొలతమ్మ తోలు కత్తిరిస్తూ ఉంది. "సరేనండీ" అని పెట్టేసి మళ్ళీ కత్తి అందుకుంది.

"ఎవరు వదినా?" అంది మరదలు, జిగురు డబ్బా మూత బిగిస్తూ.

"నిధి ఆఫీసు వాళ్ళు. కొత్త మెంటర్ట."

"మళ్ళీనా! అయితే మీ నాన్నగారి కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా?"

"చెప్పాలి."

"ఒక్కసారి రికార్డు చేసి పడేయరాదూ? ఎవరొచ్చినా మీట నొక్కేసి మన పని మనం చేసుకోవచ్చు."

కొలతమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేకపోయింది.

మనిషి ముఖం కంటే ముందు పాదాలు కొలిచినట్టు చూసే అలవాటు వల్ల ఆమెకు ఆ పేరొచ్చింది. వాళ్ళది చెప్పులు కుట్టేవాళ్ళ పేట. తండ్రి నలభై ఏళ్ళు రోడ్డు పక్కన గోనెపట్టా మీద కూర్చుని లోకానికి చెప్పులు కుట్టాడు. చివర్లో షుగరు జబ్బుతో ఆయన పాదాలు మొద్దుబారాయి. ఒకరోజు గాజుపెంకు దిగింది. నొప్పి తెలియలేదు. తెలిసేసరికి కాలు మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే కొలతమ్మ, స్పర్శ తెలియని పాదాలకు సరిపోయే బూట్లు చేయడం మొదలుపెట్టింది. పాదానికి పిండికట్టుతో అచ్చు తీసి, ఏ చోట బరువు పడుతుందో చూసి, ఆ చోట మెత్తగా ఉండేలా లోపలి అట్ట దిద్దేది. రెండు కిటికీల గది, మూల ఒక మంచం, గోడ నిండా తెల్లటి పాదాల అచ్చులు, చేతి సాయానికి మరదలు. అదే ఆమె ఇల్లూ, కార్ఖానా.

ఎవరూ పట్టించుకోని పేటల నుంచి వ్యాపారంలోకి వచ్చేవాళ్ళకు పెట్టుబడి ఇస్తామనీ, పక్కనే ఉండి దారి చూపే మెంటర్‌ని కూడా ఇస్తామనీ ఒక నిధి వాళ్ళు ప్రకటించి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ ఆమె వాళ్ళ మెట్ల మీద కాళ్ళరిగేలా తిరిగింది. మొదటి మెంటర్ కంపెనీ పేరు మార్చమన్నాడు. రెండో ఆయన ఫోన్‌లో యాప్ ఉండాలన్నాడు. మూడో ఆవిడ మంచిది, శ్రద్ధగా విన్నది, కానీ నెల తిరగకుండానే ఉద్యోగం మారిపోయింది. నాలుగో ఆయన ఫొటోలు తీయించుకుని వెళ్ళాడు. నిధి వాళ్ళ గోడ మీద కొలతమ్మ బొమ్మ ఉంది. ఆమె చేతికి మాత్రం చిల్లిగవ్వ రాలేదు.

ఐదో ఆయనకు ఒకప్పుడు ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీ ఉండేది. అమ్మేసి విశ్రాంతిగా ఉన్నాడు. ప్రతి మంగళవారం పదింటికి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని మాట్లాడేవాడు.

"చూడమ్మా, మీరు చిన్నగా ఆలోచిస్తున్నారు. ఒక్కో కాలికి ఒక్కో అచ్చేమిటి? మూడు సైజులు పెట్టండి, వేలల్లో దింపండి."

"ఏ రెండు పాదాలూ ఒకటి కావు సార్. ఒకే మనిషివైనా సరే."

"అదే మీ ఇబ్బంది. చెప్తే వినరు."

చెడ్డవాడు కాదు. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే రకం. కొలతమ్మ తలూపుతూ ఆయన నడక చూసేది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. బూటు మడమ ఒక పక్కకే అరిగింది. అడగబుద్ధేసేది. అడిగితే తప్పుగా అనుకుంటాడేమోనని ఊరుకునేది.

ఆరో మంగళవారం ఆయన కాలు మీద కాలు వేసుకుని ఏదో లెక్చరు ఇస్తున్నాడు. ఎడమ బూటు కుట్టు అంచున, బొటనవేలి దగ్గర నల్లగా తడి కనిపించింది.

"సార్, బూటు విప్పండి."

"ఏమిటీ?"

"ఎడమ బూటు. ఒకసారి విప్పండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనిక్కడికి బూట్లు కొనడానికి రాలేదు."

"రక్తం వస్తోంది సార్."

"నాకేం నొప్పి లేదే?"

"నా భయమూ అదే."

ఆమె నేల మీద కూర్చుని తనే తాళ్ళు విప్పింది. అట్టలోంచి పైకి పొడుచుకొచ్చిన చిన్న మేకు. మేజోడు చర్మానికి అతుక్కుపోయింది. బొటనవేలు కింద రంధ్రం, చుట్టూ వాపు. రెండు మూడు రోజుల పాతది. ఆయన వంగి చూసుకున్నాడు.

"షుగరు ఎన్నాళ్ళుగా?"

"పదిహేనేళ్ళు. ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు, చిన్నపిల్లాడిలా.

మరదలు టాక్సీ పిలుచుకొచ్చి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మర్నాడే నిధి వాళ్ళ ఆఖరి ఎంపిక. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పక్కన మెంటర్ ఉండాల్సిన రోజున కొలతమ్మ ఒక్కతే వెళ్ళింది. పొడుగాటి బల్లకు అటువైపు ముగ్గురు. ఆమె నాలుగు అచ్చులు బల్ల మీద పెట్టి, ఏ చోట బరువు పడితే ఎక్కడ పుండు పడుతుందో చెప్పబోయింది.

"అవి తర్వాత చూద్దాం," అంది మధ్యలో కూర్చున్నావిడ, ఎంతో మర్యాదగానే. "ముందు మీ నాన్నగారి గురించి చెప్పండి. మీ ఫైల్లో చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి."

కొలతమ్మ ఒక అచ్చు చేతిలోకి తీసుకుంది. ఎన్నిసార్లు చెప్పిందో, ఆ కథలో తండ్రి ముఖం ఆమెకే మసకబారిపోయింది.

"ఫైల్లో ఉందిగా అండీ," అంది. "అంతకన్నా ఏమీ లేదు. ఈ అచ్చు చూస్తారా?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారానికి ఉత్తరం వచ్చింది. ఆమె పట్టుదల మెచ్చుకోదగ్గదనీ, వచ్చే విడతలో మళ్ళీ ప్రయత్నించమనీ. మరదలు చదివి వినిపించి, "వీళ్ళ మెప్పుదల ఏ కొట్లో మారుతుందో కనుక్కోవాలి," అంది. కొలతమ్మ మంచం మీద ఒరిగి, పట్టపగలు మూడు గంటలు నిద్రపోయింది.

మరో పది రోజులకు ఆసుపత్రికి వెళ్ళింది. ఐదో మెంటర్‌కి ఒక వేలు తీసేశారు. పాదం దక్కింది. ఆమెను చూడగానే లేచి కూర్చోబోయాడు.

"విన్నాను. నేను మాట్లాడతాను వాళ్ళతో. నా కాలు కాపాడిన మనిషని చెప్తే ఎందుకివ్వరు?"

"వద్దు సార్. మా నాన్న కాలు చెప్పుకోవడం అయిపోయింది. ఇప్పుడు మీ కాలు చెప్పుకుని అడగాలా?"

ఆయన నొచ్చుకున్నట్టు కిటికీ వైపు చూశాడు. "మరి నీకేం కావాలమ్మా?"

రెండేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె తడుముకోలేదు. "ఇక్కడ ప్రతి గురువారం పుండ్లు పడ్డ కాళ్ళు చూస్తారు కదా. ఆ గది బయట నాకొక కుర్చీ కావాలి. డాక్టర్ కట్టు కట్టి పంపేస్తే వాళ్ళు మళ్ళీ ఆ పాత చెప్పులే వేసుకుని పోతున్నారు. తలుపు దాటకముందే నేను కొలత తీసుకోవాలి. మూడుసార్లు అడిగాను. గేటు దగ్గరే ఆపేశారు."

"అంతేనా?"

"అంతే."

ఆ పని ఆయనకు ఒక్క మాటతో అయింది. అదే పని ఆమెకు మూడు దరఖాస్తులతో కాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొదటి గురువారం పదకొండు మంది వచ్చారు. ఒక బస్సు డ్రైవరు, ఒక టీచరమ్మ, కూతురి భుజం పట్టుకుని నడిచే ముసలాయన. ఆ కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టి, కొలతమ్మ నేల మీద కూర్చుని ఒక్కొక్క పాదం ఒళ్ళో పెట్టుకుని అచ్చు తీసింది. సాయంత్రానికి నడుము పట్టేసింది, చేతులు పిండికట్టుతో బిరుసెక్కాయి.

"వదినా, వీటన్నిటికీ మన కార్ఖానాలో చోటేదీ?" అంది మరదలు, తడి అచ్చులు బుట్టలో సర్దుతూ.

"మంచం తీసేద్దాం."

"మరి నువ్వెక్కడ పడుకుంటావు?"

"ముందు ఇంటికైతే పద," అని కొలతమ్మ గోడ పట్టుకుని లేచింది.