ఇస్త్రీ చొక్కా

నెలలో మొదటి శనివారం వచ్చిందంటే చర్చి వెనుక హాలు బియ్యం బస్తాలతో నిండిపోయేది. ఉదయం ఏడింటికల్లా వాలంటీర్లు బల్లలు వేసి, పేదలకి పంచడానికి ఒక్కో సంచిలో బియ్యం, పప్పు, నూనె ప్యాకెట్టు సర్దేవారు. గుమ్మం దగ్గర కుర్చీలో, చేతిలో జాబితాతో, రిటైరైన టీచరమ్మ కూర్చునేది. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. ఆవిడ కళ్లుగప్పి ఒక్క సంచి కూడా బయటికి పోదని తోటివాళ్లు అంటుంటే లోలోపల పొంగిపోయేది.

ఒక శనివారం ఆ వరుసలోకి ఇస్త్రీ తాత వచ్చాడు. వెనక వీధిలో నలభై ఏళ్లుగా అందరి బట్టలకూ ఇస్త్రీ చేసినవాడు. చేతికి వణుకు మొదలై రెండు చొక్కాలు మాడ్చాక గిరాకీ పోయింది. ఇంట్లో భార్య మంచం పట్టింది. ఇవేవీ మనిషి మొహం మీద రాసి ఉండవు కదా! దేవుడి గుమ్మం తొక్కుతున్నానని, ఉన్న ఒక్క తెల్లచొక్కాని ఆ వణికే చేత్తోనే గంటసేపు ఇస్త్రీ చేసుకుని వచ్చాడు పాపం.

టీచరమ్మ ఎగాదిగా చూసింది.

"ఏం తాతా, పెళ్లికి బయల్దేరి దారితప్పి ఇటొచ్చావా?"

వరుసంతా నవ్వింది. తాత కూడా మర్యాదకి నవ్వాడు.

"లేదమ్మా. ఇంట్లో ఇద్దరమే. ఆమెకి బాగాలేదు..."

"బాగున్నవాళ్లంతా వచ్చేస్తే నిజంగా లేనివాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే కదా! పక్కకి జరుగు."

తాత జరిగాడు. ఆవిడని కఠినురాలని అనుకోకండి. లేనివాళ్లకే చేరాలన్న పట్టుదల ఆవిడది. చిక్కేమిటంటే, మంచివాళ్లు తప్పు చేస్తున్నప్పుడు అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

మరుసటి నెల తాత రాలేదు. ఆపై నెల వచ్చాడు. చొక్కా నలిగి ముద్దయింది. పై రెండు బొత్తాలు లేవు. భుజం దగ్గర జానెడు చిరుగు. టీచరమ్మకి చూడగానే జాలేసింది. వేరే ప్రశ్న లేకుండా కలం తీసింది.

"మీ ఇంట్లో ఎంతమంది తాతా?"

"ఒక్కణ్ణేనమ్మా. కిందటిసారి వచ్చినప్పుడు ఇద్దరం."

అప్పుడు గుర్తుపట్టింది. కలం ఆగిపోయింది. ఆ చిరుగు వైపు మళ్లీ చూసింది. పాతబడి పిగిలిన బట్టకి పోగులు వేలాడతాయి. దీనికి ఒక్క పోగు లేదు. కత్తెరతో తిన్నగా కోసినట్టుంది.

"ఇదేంటి తాతా?" అని అడిగింది.

"బాగున్నవాళ్లు రాకూడదన్నారు కదమ్మా. నలిగిన బట్ట సాపు చెయ్యడమే తెలుసు గానీ, బాగున్నదాన్ని నలపడం కొత్త. సరిగ్గా వచ్చిందో లేదో." తాత చిరుగు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "కిందటి నెలే వద్దామనుకున్నా. ఆమె కత్తెర తలగడ కింద దాచేసింది. 'నువ్వలా వెళ్లి తెస్తే నాకు ముద్ద దిగదు' అంది. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు."

టీచరమ్మ లేచి నిలబడింది. సంచి తీసి తాత చేతికిచ్చింది. ఎన్నడూ ఎవరి ముందూ తలదించని మనిషి, ఆ వరుసంతా చూస్తుండగా తాత ముందు చేతులు జోడించి ఏడ్చింది.

సాయంత్రం హాలు ఊడ్చాక ఆ కుర్చీని తనే మోసుకెళ్లి లోపల పడేసింది. తోటి వాలంటీర్లతో ఒక్కటే మాట అంది:

"ఆకలేస్తోందని నిరూపించుకోమని మనిషిని ఇంకెప్పుడూ అడక్కండి. అలా అడిగి పెట్టే అన్నానికి, వాళ్లు ముందు తమ గౌరవాన్ని కోసుకుని రావాల్సొస్తోంది."