పిట్ట ముట్టిన ఆకు

దీపక్ తాగి బండి నడిపి చచ్చిపోయాడని కొలకలూరంతా తీర్మానించేసింది. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేం కదా. బాపట్ల దగ్గర ఇసుక నేలలో ద్రాక్షతోట వేసి, పక్కనే షెడ్డులో ఎర్ర వైన్ చేసేవాడు మరి. రేపల్లెలో ఒక హోటలు వాళ్ళకు చూపిద్దామని సీసాలు కట్టుకుని వెళ్తుంటే లారీ గుద్దింది. రోడ్డంతా వైన్ వాసన. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి?

అతను తాగడని భార్య తులసికి తెలుసు. గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి, రుచి చూసి ఉమ్మేసేవాడు. అతన్ని పట్టుకున్నది మత్తు కాదు, వైన్ పక్కన ఏ కూర పెట్టాలన్న యావ. పుస్తకాల్లో జున్ను అనీ, కాల్చిన మాంసం అనీ రాసి ఉండేది.

"తెనాలి వాళ్ళు అవి తింటారేంటే? మన కూరల్లో దీనికి ఏది కుదురుతుందో నువ్వొక్క గుక్క తాగి చెప్పు. నీ నాలుక మీద నాకు నమ్మకం," అని బతిమాలేవాడు.

"సారాకీ దీనికీ తేడా ఏంటండీ? నా వంటింట్లోకి తేవద్దు," అనేది తులసి.

అయినా ఒక సీసా పప్పుల డబ్బాల వెనక పెట్టి, నీకు బుద్ధి పుట్టినప్పుడు తియ్యి అని నవ్వాడు. ఆ బుద్ధి పుట్టేసరికి అతను లేడు.

చిన్నదినం నాడు కాలవ గట్టున అరిటాకు వేశారు. పోయినవాడికి ఇష్టమైనవి పెడితే కాకి వచ్చి ముడుతుంది. అది ముట్టేదాకా ఇంటివాళ్ళెవరూ మెతుకు కొరకకూడదు. దీపక్ బాబాయి పాండురంగారావు అన్నం, కోడికూర, చేపల పులుసు, గుత్తివంకాయ వడ్డించి, జేబులోంచి బ్రాందీ సీసా తీసి కోడికూర మీద ధారగా పోశాడు.

"ఆయన అది ముట్టేవారు కాదండి, చినమావయ్యగారూ," అంది తులసి.

"పోయాక కూడా దాపరికం ఎందుకమ్మా? వాడి ప్రాణం దేనికి కొట్టుకునేదో అందరికీ తెలిసిందేగా."

కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. అత్తగారు హైమావతి "రా నాయనా, రా" అని పిలిచి పిలిచి కూలబడిపోయింది. ఏదో కోరిక తీరలేదన్నారు. ఆ కోరికేమిటో తులసికి తెలుసు. అది తీర్చవలసింది తనే. అతను అడిగినన్నాళ్ళూ తను మొండికేసింది.

పప్పుల డబ్బాల వెనక నుంచి తీసి సంచిలో తెచ్చిన అతని సీసా బయటికి తీసి మూత తిప్పింది. నలుగురూ చూస్తుండగానే ఒక గుక్క తాగింది.

"పిట్ట ముట్టకముందే ఎంగిలా? మూడోనాడే మందా?" అని అరిచాడు పాండురంగారావు.

ఆమె వినలేదు. నాలుక మీద నేరేడుపండు వగరు. గిన్నెలో పులుసు వేలితో నాకి మళ్ళీ గుక్క వేస్తే, తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంది. కోడికూర మసాలా ముందు వైన్ మంటెత్తింది. వంకాయ తుంచి నోట్లో వేసుకుంది. వేయించిన నువ్వులూ ఎండుకొబ్బరీ తగలగానే వగరు విరిగింది. నేరేడు వాసన నోరంతా నిండింది. ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంకో ఆకు వేసి, వంకాయ పెట్టి, పక్కన గ్లాసులో వైన్ పోసి వెనక్కి జరిగింది. మీరు అడిగింది ఇదేగా, వచ్చి ముట్టండి, వీళ్ళ నోళ్ళు మూయించండి అని దణ్ణం పెట్టుకుంది.

ఒక కాకి దిగింది. గెంతుతూ కొత్త ఆకు దగ్గరికే వచ్చింది. కాకి రెక్క తగిలి గ్లాసు ఒరిగింది. వైన్ మట్టిలో ఇంకిపోయింది. అది బెదిరి అటు గెంతి, పాత ఆకులోంచి బ్రాందీలో నానిన కోడిముక్క లాక్కుని ఎగిరిపోయింది.

"ముట్టాడు! ముట్టాడు!" అన్నారందరూ. హైమావతి కళ్ళు తుడుచుకుని నేలకు మొక్కింది.

"నే చెప్పలా? వాడి మనసంతా దాని మీదే," అన్నాడు పాండురంగారావు.

ఇక ఊరికి అదే నిజం, కన్నతల్లికి కూడా. అందరూ స్నానాలకు కాలవలోకి దిగారు. తులసి మాత్రం కాకి పోయిన వైపే చూస్తూ నిలబడింది.

"గుత్తొంకాయండి," అంది మెల్లగా. "దానికి గుత్తొంకాయ బాగుంటుందండి."